పోటీ మధ్యలో మారే షరతులు: యుద్ధ విమానాల కొనుగోళ్లలో న్యాయం ఎక్కడ దెబ్బతింటుంది, సునాబెడకు దానితో ఏం సంబంధం

క్లుప్తంగా: సైనిక విమానాల కొనుగోలు పోటీల్లో షరతులు మారడం మామూలే. మారినంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు. ధరల కవర్లు తెరవకముందు మారాయా, తెరిచాక మారాయా, పోటీదారులందరికీ ఒకేసారి తెలిసిందా, కారణం ఫైల్లో రాశారా అన్నవే అసలు ప్రశ్నలు. పోటీ తెగకపోతే పాత విమానాలే ఇంకొన్నేళ్లు ఎగరాలి. వాటిలో చాలావాటికి ఇంజన్లు అందించే ఊరు కొరాపుట్ జిల్లాలోని సునాబెడ.

సాలూరు దగ్గర ఘాట్ ఎక్కి, పొట్టంగి దాటి, 26వ నంబరు జాతీయ రహదారి మీదుగా వెళితే సునాబెడ వస్తుంది. అక్కడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) ఇంజన్ ఫ్యాక్టరీని 1960లలో మిగ్-21 ఇంజన్ల కోసం పెట్టారు. ఒడియాతో పాటు తెలుగు కూడా వినిపించే టౌన్‌షిప్ అది. జయపురం, సిమిలిగూడ, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఐటీఐ చదివే పిల్లలకు ‘హెచ్ఏఎల్‌లో అప్రెంటిస్’ అన్నది చిన్న మాట కాదు.

2024లో ఈ డివిజన్‌కు రెండు పెద్ద పనులు వచ్చాయి. మార్చిలో మిగ్-29ల కోసం ఆర్‌డీ-33 ఇంజన్లకు రూ.5,249.72 కోట్ల ఒప్పందం జరిగింది. సెప్టెంబరులో సుఖోయ్-30 ఎంకేఐల కోసం 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు రూ.26,000 కోట్లకు పైగా విలువైన ఒప్పందం జరిగింది. ఈ వార్తలు చదివినవాళ్లకు ఒక సందేహం రావాలి. కొత్త యుద్ధ విమానాలు కొంటామని ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాం. మరి పాత రకాలకు ఇన్ని ఇంజన్లెందుకు?

సుఖోయ్ విమానం తన జీవితకాలంలో ఎలాగూ ఇంజన్లు మార్చుకోవాల్సిందే. అది సగం జవాబు. మిగతా సగం ఢిల్లీలో జరిగే పోటీల్లో ఉంది. ఏ విమానం కొనాలన్న పోటీలో షరతులు ఎలా రాస్తారు, ఎప్పుడు మారుస్తారు, ఎవరు అభ్యంతరం చెబుతారు, చివరికి పోటీ ఎందుకు రద్దవుతుంది అన్నది తెలిస్తే తప్ప ఆ సగం అర్థం కాదు.

అవసరం కాగితం మీదకు వచ్చే దారి

వైమానిక దళం ముందుగా తనకేం కావాలో రాస్తుంది. ఎంత దూరం ఎగరాలి, ఎంత ఎత్తుకు వెళ్లాలి, ఎంత బరువు మోయాలి, ఏ రాడార్ ఉండాలి. వీటినే క్వాలిటేటివ్ రిక్వైర్‌మెంట్స్ అంటారు. ఈ రంగంలో ఉన్నవాళ్ల నోట్లో అవి ‘క్యూఆర్‌లు’. వాటి మీద రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ అవసరాన్ని ఆమోదిస్తుంది. తర్వాత కంపెనీలకు ఆర్‌ఎఫ్‌పీ వెళుతుంది, అంటే టెండరు పత్రం. కంపెనీలు సాంకేతిక కవరు, ధర కవరు వేరువేరుగా ఇస్తాయి. సాంకేతిక పరిశీలన, ఆపైన ఎండలోనూ మంచులోనూ ఫీల్డ్ ట్రయల్స్ జరుగుతాయి. వీటన్నిటిలో నెగ్గినవాళ్ల ధర కవర్లే తెరుస్తారు. తక్కువ ధర చెప్పినవాడు ఎల్1. బేరం అతనితోనే.

ఇందులో ఒక కీలకమైన సంగతి ఉంది. గెలుపును తేల్చేది పైకి ధరలాగే కనబడుతుంది. నిజానికి ధర దాకా ఎవరు చేరతారో క్యూఆర్ రాసిన రోజే చాలావరకు తేలిపోతుంది.

ఒక రైతు సంఘం కాఫీ, అల్లం మోయడానికి వ్యాన్ కొంటోందనుకుందాం. ‘టన్ను లోడుతో సాలూరు ఘాట్ ఎక్కాలి’ అని రాస్తే అయిదారు రకాల బండ్లు పోటీకి వస్తాయి. ‘ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి’ అని రాస్తే ఒకటో రెండో మిగులుతాయి. మొదటిది చేయాల్సిన పనిని చెబుతోంది, రెండోది బండి ఎలా ఉండాలో చెబుతోంది. వానాకాలంలో బురద దారుల్లోకి వెళ్లాల్సి ఉంటే రెండో షరతు కూడా న్యాయమైనదే. వెళ్లాల్సిన పని లేకపోతే అది ఒక డీలర్ కోసం రాసినదన్న మాట పడుతుంది. ‘ఈ టెండరు ఫలానావాళ్ల కోసమే రాశారు’ అని పంచాయతీ రోడ్ల దగ్గర వినే మాట, వేల కోట్ల విమానాల దగ్గర కూడా అదే అర్థంతో వినబడుతుంది.

6,000 మీటర్లు, 4,500 మీటర్లు, 1.8 మీటర్లు

షరతు మార్పు ఎంత చిక్కు ముడో చూపించడానికి వీవీఐపీ హెలికాప్టర్ల వ్యవహారాన్ని మించిన ఉదాహరణ భారత్‌లో లేదు.

రాష్ట్రపతి, ప్రధాని ప్రయాణాలకు వాడే పాత ఎంఐ-8ల స్థానంలో కొత్తవి కొనాలని 2002లో టెండరు పిలిచారు. 6,000 మీటర్ల ఎత్తులో ఎగరగలగాలన్నది షరతు. పరీక్షలయ్యాక ఒక్క యూరోకాప్టర్ ఈసీ-225 మాత్రమే మిగిలింది. ఒక్క కంపెనీయే మిగిలితే పోటీ అనిపించుకోదని, పైగా ప్రముఖులు అంత ఎత్తైన చోట్లకు వెళ్లడం అరుదని 2003లో ప్రధాని కార్యాలయం అభిప్రాయపడింది. ఆ తర్వాత ఎత్తును 4,500 మీటర్లకు తగ్గించారు. అదే సమయంలో క్యాబిన్ లోపలి ఎత్తు 1.8 మీటర్లు ఉండాలన్న షరతు చేరింది. లోపల మనిషి వంగకుండా నిలబడగలగాలన్నది దాని ఉద్దేశం.

2006లో కొత్త టెండరు వెళ్లింది. 2010 ఫిబ్రవరిలో 12 ఏడబ్ల్యూ-101 హెలికాప్టర్లకు అగస్టావెస్ట్‌ల్యాండ్‌తో సుమారు రూ.3,546 కోట్ల ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఇటలీలో ముడుపుల ఆరోపణలు బయటపడ్డాయి. మూడు హెలికాప్టర్లు వచ్చేశాక, 2014 జనవరి 1న భారత్ ఒప్పందాన్ని రద్దు చేసింది. ఇటలీ కోర్టులు కంపెనీ మాజీ అధికారులను చివరికి నిర్దోషులుగా వదిలేశాయి.

ముడుపుల సంగతి కాసేపు పక్కన పెట్టి షరతుల వైపే చూస్తే, 2013 ఆగస్టు నాటి కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) నివేదిక చెప్పిన మాట చాలా ముఖ్యమైనది. పోటీ పెంచడానికని ఎత్తు తగ్గించారు. కానీ కొత్తగా చేర్చిన క్యాబిన్ ఎత్తు వల్ల ఈసీ-225 బయటికి పోయింది, పోటీ మళ్లీ ఇరుకైంది. అంటే 6,000 మీటర్ల షరతు ఒకరిని మిగిల్చితే, 1.8 మీటర్ల షరతు ఇంకొకరిని మిగిల్చింది. పైగా ట్రయల్స్ విదేశాల్లో జరిగాయి. ఏడబ్ల్యూ-101 విషయంలో కొంటున్న హెలికాప్టర్ మీద కాకుండా అలాంటి వేరే హెలికాప్టర్ మీద, నమూనా క్యాబిన్ మీద పరీక్ష చేశారని కూడా కాగ్ తప్పుపట్టింది.

ఇక్కడ రెండు మార్పులనూ విడివిడిగా తూచాలి. ఎత్తు తగ్గించడానికి రాతపూర్వకమైన కారణం ఉంది, కొత్త టెండరు పిలవకముందే అది జరిగింది. ఆ వరకు దాన్ని తప్పనడం కష్టం. క్యాబిన్ ఎత్తు విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ సంఖ్య రాస్తే ఎంతమంది మిగులుతారని ముందుగా లెక్క వేశారా? రెండు మార్పులనూ కలిపి ‘షరతులు మార్చారు’ అని ఒకే ముద్ద చేస్తే, సరైన మార్పు కూడా నేరంలా కనిపిస్తుంది. ఆ భయంతోనే తర్వాత చాలా ఫైళ్లు కదలకుండా ఆగిపోయాయి.

అమెరికా ట్యాంకర్: పదేళ్లలో మూడు మలుపులు

ఇలాంటి గొడవ బీద దేశాలకే పరిమితం అనుకుంటే పొరపాటు. గాలిలో ఇంధనం నింపే ట్యాంకర్ విమానాల కోసం అమెరికా పడిన పాట్లు ఇంకా పెద్దవి.

మొదట బోయింగ్ 767 ఆధారంగా చేసిన 100 ట్యాంకర్లను లీజుకు తీసుకోవాలనుకున్నారు. వైమానిక దళంలో కొనుగోళ్లు చూసిన డార్లీన్ డ్రూయన్, బోయింగ్‌తో వ్యవహారాలు నడుపుతూనే అదే కంపెనీలో ఉద్యోగం కోసం మాట్లాడుకున్నారని తేలింది. ఆమెకు 2004లో తొమ్మిది నెలల జైలు శిక్ష పడింది. లీజు ఆలోచన అటకెక్కింది.

రెండోసారి బహిరంగ పోటీ పెట్టారు. 179 విమానాలు, సుమారు 3,500 కోట్ల డాలర్లు. 2008 ఫిబ్రవరి 29న నార్త్‌రప్ గ్రమ్మన్, యూరప్‌కు చెందిన ఈఏడీఎస్ జట్టు గెలిచింది. వాళ్లది ఎయిర్‌బస్ ఏ330 ఆధారంగా చేసిన పెద్ద విమానం. బోయింగ్ వెంటనే జీఏఓకు ఫిర్యాదు చేసింది. ఈ సంస్థ అమెరికాలో మన కాగ్ లాంటిది. కాకపోతే టెండర్ల మీద ఫిర్యాదులు విని 100 రోజుల్లో తేల్చే బాధ్యత కూడా దానికుంది.

జూన్ 18న జీఏఓ బోయింగ్ వాదనను సమర్థించింది. అది ఎత్తిచూపిన తప్పులు చదివితే న్యాయం అనే మాటకు అసలు అర్థం తెలుస్తుంది. కొన్ని ముఖ్య అంశాల్లో లక్ష్యాన్ని మించి చేసినా అదనపు మార్కులుండవని టెండర్లో రాశారు. మూల్యాంకనంలో మాత్రం ఎక్కువ ఇంధనం ఇవ్వగలదని పెద్ద విమానానికి అదనపు విలువ కట్టారు. బోయింగ్‌తో చర్చల్లో ఒక అంశంలో లక్ష్యం అందుకున్నట్టు చెప్పి, తర్వాత అందుకోలేదని తేల్చి, ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. జీవితకాల ఖర్చు లెక్కలో కూడా పొరపాట్లున్నాయి. వాటిని సరిచేస్తే బోయింగ్‌దే తక్కువ అయింది.

ఇక్కడ షరతు కాగితం మీద మారలేదు. దాన్ని చదివే తీరు మారింది. పరీక్షకు ముందు ‘అయిదు ప్రశ్నలు రాస్తే చాలు, ఎక్కువ రాసినా మార్కులు ఉండవు’ అని చెప్పి, దిద్దేటప్పుడు ఏడు రాసినవాడికి ఎక్కువ వేయడం లాంటిది ఇది. ఏడు రాసినవాడు నిజంగానే తెలివైనవాడు కావచ్చు. అయినా అయిదు రాసి ఆగినవాడికి అన్యాయమే, ఎందుకంటే అతను మాట నమ్మి ఆగాడు.

మూడోసారి అమెరికా వైమానిక దళం ఆ ప్రమాదం లేకుండా చేయాలనుకుంది. 372 తప్పనిసరి అవసరాలు, ప్రతిదానికీ పాస్ లేదా ఫెయిల్. ఆ తర్వాత ధర ముఖ్యం. ఇంకో 93 అదనపు అంశాలున్నా, ధరల తేడా ఒక శాతం లోపు ఉంటేనే వాటిని చూస్తారు. ఈ పద్ధతి చిన్న విమానానికే అనుకూలమంటూ నార్త్‌రప్ 2010 మార్చిలో తప్పుకుంది. ఈఏడీఎస్ ఒంటరిగా పోటీ చేసి ఓడింది. 2011 ఫిబ్రవరి 24న బోయింగ్ గెలిచింది. ఫలితం మీద ఈసారి ఫిర్యాదు లేదు.

కానీ కథ అక్కడ ముగియలేదు. స్థిర ధరకు ఒప్పుకున్న ఈ ట్యాంకర్ (కేసీ-46) తయారీలో సాంకేతిక లోపాలు, ఆలస్యాలతో బోయింగ్ 700 కోట్ల డాలర్లకు పైగా నష్టాలు రాసుకోవాల్సి వచ్చింది. పోటీని వివాదం లేకుండా ముగించడం ఒక పని, మంచి విమానం సమయానికి రావడం వేరే పని. పాస్, ఫెయిల్ పట్టిక మొదటి పనికి బాగా ఉపయోగపడింది. రెండోదానికి హామీ ఇవ్వలేకపోయింది.

126 నుంచి 36 దాకా

భారత్ 2007 ఆగస్టు 28న 126 బహుళ పాత్ర యుద్ధ విమానాలకు టెండరు పిలిచింది. మొదటి ఆలోచన మిరాజ్-2000 లాంటి మధ్యస్థ విమానం. టెండరు దాకా వచ్చేసరికి బరువు పరిధి విస్తరించింది. దాంతో గ్రిపెన్ లాంటి ఒంటి ఇంజన్ తేలిక విమానం, సూపర్ హార్నెట్ లాంటి రెండు ఇంజన్ల బరువైన విమానం ఒకే బరిలోకి వచ్చాయి. మిగ్-35, ఎఫ్-16, యూరోఫైటర్ టైఫూన్, రఫేల్ మిగతావి. పోటీ పెరిగిన మాట నిజం. కానీ ఆటోను, లారీని పక్కపక్కన పెట్టి ఏది మంచిదని అడిగితే, ఏం మోయాలో ముందు తేలాలి.

బెంగళూరు, జైసల్మేర్, లేహ్‌లలో ట్రయల్స్ జరిగాయి. 2011 ఏప్రిల్‌లో టైఫూన్, రఫేల్ మిగిలాయి. 2012 జనవరి 31న జీవితకాల ఖర్చు లెక్కన రఫేల్ ఎల్1 అయింది. తర్వాత మూడేళ్లు బేరం సాగింది. 126లో 108 విమానాలను హెచ్ఏఎల్ ఇక్కడ తయారు చేయాలి. వాటి నాణ్యతకు ఎవరు పూచీ, ఇక్కడ పట్టే పని గంటలను ఎలా లెక్కకట్టాలి అన్న దగ్గర పీటముడి పడింది. 2014లో యూరోఫైటర్ వైపు నుంచి అడగకుండానే 20 శాతం తగ్గింపు ఇస్తామని లేఖ వచ్చింది. ధరల పోటీ ముగిశాక వచ్చిన మాట కాబట్టి ప్రభుత్వం దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. చేతికొచ్చే డబ్బు వదులుకున్నట్టు కనిపించినా, అది సరైన నిర్ణయమే. గెలిచినవాడి ధర తెలిశాక తగ్గింపులు ఒప్పుకోవడం మొదలైతే, ఆ తర్వాత ఏ కంపెనీ కూడా మొదటి కవర్లో తన నిజమైన ధర రాయదు.

2015 ఏప్రిల్ 10న పారిస్‌లో ప్రధాని మోదీ 36 రఫేల్‌లను నేరుగా ఫ్రాన్స్ ప్రభుత్వం నుంచి కొంటామని ప్రకటించారు. 126 విమానాల టెండరు ఉపసంహరించారు. 2016 సెప్టెంబరు 23న 787 కోట్ల యూరోల ఒప్పందం జరిగింది. 2020 జూలై 29న మొదటి అయిదు అంబాలాలో దిగాయి. 2022 చివరికి అన్నీ వచ్చాయి. 2018 డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఈ కొనుగోలుపై విచారణ కోరిన పిటిషన్లను కొట్టివేసింది. 2019 నవంబరులో రివ్యూ పిటిషన్లనూ తోసిపుచ్చింది.

రాజకీయ రగడ అంతా 36 విమానాల ధర చుట్టూ తిరిగింది. 2019 కాగ్ నివేదికలో పాత టెండరు ధర కన్నా ‘2.86 శాతం తక్కువ’ అన్న ఒక్క అంకె మీదే రోజుల తరబడి చర్చలు నడిచాయి. అదే నివేదికలో ఇంకో మాట ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. వైమానిక దళం తన క్యూఆర్‌లను సరిగ్గా నిర్వచించలేదని, అందువల్ల ఏ కంపెనీ కూడా వాటిని పూర్తిగా అందుకోలేకపోయిందని, కొనుగోలు నడుస్తుండగా వాటిని పదేపదే మార్చారని కాగ్ రాసింది. సాంకేతిక, ధర మూల్యాంకనాలు రెండూ దానివల్ల కష్టమయ్యాయని చెప్పింది. సునాబెడ లాంటి ఊళ్లకు ధర అంకె కన్నా ఈ వాక్యమే ఎక్కువ బరువైనది. ధర ఒక ఒప్పందానికి సంబంధించినది. క్యూఆర్ రాసే అలవాటు రాబోయే ప్రతి ఒప్పందాన్నీ పట్టుకునే ఉంటుంది.

ధరలు తెరిచాక మారితే

దక్షిణ కొరియా 2012లో 60 యుద్ధ విమానాల పోటీ పెట్టింది. బడ్జెట్ 8.3 లక్షల కోట్ల వాన్. ఆ పరిధిలో నిలబడింది బోయింగ్ ఎఫ్-15ఎస్ఈ మాత్రమే. రాడార్‌కు చిక్కని స్టెల్త్ విమానమే కావాలని మాజీ వైమానిక దళాధిపతులు బహిరంగంగా కోరారు. 2013 సెప్టెంబరు 24న ప్రభుత్వ కమిటీ ఎఫ్-15ఎస్ఈని తిరస్కరించింది. తర్వాత అవసరాన్నే తిరగరాసి, సంఖ్య 40కి తగ్గించి, ఎఫ్-35ఏ ఎంచుకున్నారు.

ఉత్తర కొరియాను పక్కన పెట్టుకున్న దేశానికి ఆ విమానం అవసరమని వాదించవచ్చు. కానీ స్టెల్త్ తప్పనిసరి అయితే ఆ మాట మొదటి రోజే రాయాలి. రాసి ఉంటే మిగతా కంపెనీలు ఏళ్ల శ్రమ, ఖర్చు మిగుల్చుకునేవి. అవసరం నిజమైనదే అయినా, దాన్ని ఆలస్యంగా చెప్పడం వల్ల పోటీదారులకు అన్యాయం జరిగింది.

అసలు ఎందుకు మారతాయి

అన్ని మార్పుల వెనకా ఎవరో ఉన్నారనుకోవడం తేలిక. వాస్తవంలో కారణాలు చాలా. క్యూఆర్ రాసిన రోజు నుంచి విమానం దిగే రోజుకు పది పదిహేనేళ్లు పడుతుంది. ఆలోగా పొరుగు దేశం కొత్త క్షిపణి కొంటుంది, రాడార్ల తరం మారిపోతుంది, రూపాయి విలువ పడిపోతుంది, దేశంలోనే తయారు చేయాలన్న విధానం బలపడుతుంది.

ఇంకో కారణం రాసే పద్ధతిలోనే ఉంది. ప్రపంచంలోని మంచి విమానాల బ్రోషర్లన్నీ తెరిచి, ఒక్కొక్కదానిలో గొప్ప లక్షణాన్ని ఏరి ఒక జాబితా చేస్తే, ఆ లక్షణాలన్నీ ఒకే చోట ఉన్న విమానం ఎక్కడా దొరకదు. అప్పుడు ట్రయల్స్‌లో అందరూ ఏదో ఒక దగ్గర తప్పుతారు. ఎవరికి ఏ తప్పు మాఫీ చేయాలన్న దగ్గర అనుమానం పుడుతుంది. అత్యాశతో రాసిన షరతుకు చివరికి మినహాయింపు ఇవ్వక తప్పదు. ఆ మినహాయింపులే కోర్టుకెక్కుతాయి.

ఈ సమస్యకు మందుగా 2016 నాటి కొనుగోలు నియమావళి కొత్త పద్ధతి తెచ్చింది. తప్పనిసరి లక్షణాలు ఒక జాబితాలో, మెరుగైన లక్షణాలు ఇంకో జాబితాలో ఉంటాయి. రెండో జాబితాలోవి ఉంటే ధర పోలికలో 10 శాతం దాకా వెసులుబాటు ఇవ్వవచ్చు. ఏ లక్షణానికి ఎంత అన్నది టెండర్లోనే ముందుగా రాయాలి. అమెరికా ట్యాంకర్ పోటీలో చెప్పకుండా వేసిన మార్కులను ఇక్కడ ముందుగా చెప్పి వేస్తారన్నమాట. 2020 నియమావళిలోనూ ఈ ఆలోచన కొనసాగింది.

ఎవరూ గెలవని పోటీలు

అన్యాయం జరిగిందన్న అనుమానంతో పోటీ రద్దు చేస్తే న్యాయం గెలిచినట్టు అనిపిస్తుంది. రద్దుకు కూడా ఒక ధర ఉంది. దాన్ని కట్టేది పైలట్లు.

సియాచిన్ లాంటి చోట్ల తిరిగే చీతా, చేతక్ హెలికాప్టర్ల స్థానంలో 197 తేలిక హెలికాప్టర్ల పోటీని 2007లో ఒకసారి, 2014లో మరోసారి రద్దు చేశారు. మొదటిసారి ట్రయల్స్‌కు వచ్చినది సైనిక రకం కాదు, పౌర రకం అన్నది అభ్యంతరం. అభ్యంతరం సరైనదే. కానీ పాతకాలపు డిజైన్ హెలికాప్టర్లలోనే సైనికులు హిమానీనదాల మీదకు ఎగురుతూ వచ్చారు. ట్యాంకర్ విమానాల పోటీలో ఎయిర్‌బస్ ఏ330 రెండుసార్లు ముందుకొచ్చింది, రెండుసార్లూ ఒప్పందం కుదరలేదు. రెండు దశాబ్దాల కిందట కొన్న ఆరు ఐఎల్-78లతోనే దళం నెట్టుకొస్తూ వచ్చింది.

శిక్షణ విమానాల కథ వేరుగా నడిచింది. 2009 జూలైలో ప్రమాదం తర్వాత హెచ్‌పీటీ-32లను నిలిపివేశారు. హైదరాబాద్ దగ్గర దుండిగల్ అకాడమీలో కొత్త పైలట్లకు మొదటి పాఠాలు చెప్పే విమానమే లేకుండా పోయింది. ఆ తొందరలో 2012లో 75 పిలాటస్ పీసీ-7 మార్క్-2లు కొన్నారు. రెండో స్థానంలో ఉన్న కొరియా కంపెనీ ఫిర్యాదు చేసింది, రక్షణ శాఖ దాన్ని తోసిపుచ్చింది. క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటు పీసీ-7లో లేదు, హెచ్ఏఎల్ తయారుచేస్తున్న హెచ్‌టీటీ-40లో ఉంది. స్వదేశీ విమానానికి ఒక కొలత, విదేశీ విమానానికి ఇంకో కొలతా అన్న ప్రశ్న అప్పట్లో గట్టిగానే వినిపించింది. అత్యవసరం కారణంగా షరతు సడలించవచ్చు. ఆ సడలింపు అందరికీ వర్తించాలి. చివరికి 2023 మార్చిలో 70 హెచ్‌టీటీ-40లకు రూ.6,828 కోట్ల ఒప్పందం జరిగింది.

వార్త చదివేటప్పుడు చూడాల్సినవి

విమానాల పోటీ గురించి వార్త వచ్చినప్పుడు ఎవరు గెలిచారన్నది పెద్ద అక్షరాల్లో వస్తుంది. దాని కన్నా తేదీల వరుస చూడటం మేలు. షరతు మారిన రోజు, ఆర్‌ఎఫ్‌పీ వెళ్లిన రోజు, ధర కవర్లు తెరిచిన రోజు. ఆర్‌ఎఫ్‌పీ వెళ్లకముందు మార్పు మామూలు. రెండో మూడో తేదీల మధ్య మార్పు జరిగితే అందరికీ లేఖలు వెళ్లాయా, కొత్త గడువు ఇచ్చారా అని చూడాలి. మూడో తేదీ తర్వాత మారితే ఆ పోటీని ముగించి కొత్తది పిలవడమే శుభ్రమైన దారి.

ఓడినవాడి మాట వినే చోటు ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. అమెరికాలో 100 రోజుల గడువుతో జీఏఓ ఉంది. భారత్‌లో ఇంటిగ్రిటీ ప్యాక్ట్ (ముడుపులు ఇవ్వం, తీసుకోం అన్న రాతపూర్వక ఒప్పందం), దాన్ని చూసే స్వతంత్ర పర్యవేక్షకులు ఉన్నారు. కాగ్ నివేదికలు ఉన్నాయి. కానీ కాగ్ వచ్చేది అంతా అయిపోయాక. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, గడువు పెట్టి, కారణాలు రాసి తీర్పు చెప్పే వ్యవస్థ ఇక్కడ బలహీనంగా ఉంది. ఆ లోటు వల్లే ప్రతి ఓటమీ ఆరోపణగా మారుతోంది, ప్రతి ఆరోపణా దర్యాప్తుగా మారుతోంది. సంతకం పెట్టాల్సిన అధికారికి ఫైలు వెనక్కి పంపడమే క్షేమంగా తోస్తోంది.

సునాబెడ లెక్క

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పారు. ఏ విమానం ఇంజన్ కోసం సునాబెడ ఫ్యాక్టరీ పుట్టిందో ఆ విమానం ఆరు దశాబ్దాలు ఎగిరి వెళ్లిపోయింది. మంజూరైన 42 స్క్వాడ్రన్లకు (యుద్ధ విమానాల బృందాలకు) గాను వైమానిక దళంలో 29 మిగిలాయి. 126 విమానాల పోటీ అనుకున్నట్టు ముగిసి ఉంటే ఈ లోటు ఇంత ఉండేది కాదు. దాని స్థానంలో 114 విమానాల కోసం 2018 ఏప్రిల్‌లో కంపెనీల నుంచి సమాచారం కోరారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అది టెండరు దశకు చేరలేదు.

ఈ ఖాళీలో సుఖోయ్, మిగ్-29ల మీద భారం పెరిగింది. అవి ఎంత ఎక్కువ ఎగిరితే వాటి ఇంజన్లు అంత త్వరగా అరుగుతాయి, సునాబెడకు అంత పని వస్తుంది. పైకి చూస్తే ఊరికి లాభమే. 240 ఇంజన్ల ఆర్డరు ఫ్యాక్టరీకే కాదు, చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపులకు, అద్దె ఇళ్లకు, జయపురం బజారుకు కూడా బలం. ఆ ఇంజన్లలో సగటున 54 శాతానికి పైగా దేశీయ భాగాలు ఉండాలన్నది కూడా ఒప్పందంలో భాగం.

నష్టం కంటికి అంత తేలిగ్గా కనబడదు. 126 విమానాల్లో 108 భారత్‌లో తయారై ఉంటే పశ్చిమ దేశాల కొత్త తరం ఇంజన్ పరిజ్ఞానం హెచ్ఏఎల్ చేతికి వచ్చే అవకాశం ఉండేది. 36 విమానాలు ఫ్రాన్స్‌లోనే తయారై వచ్చాయి కాబట్టి ఆ అవకాశం వాటితో రాలేదు. సునాబెడ లైన్ల మీద ఇప్పటికీ ఉన్నవి రష్యా డిజైన్లే. స్వదేశీ యుద్ధ విమానం తేజస్ మార్క్-2 కోసం ఎఫ్-414 ఇంజన్లను భారత్‌లోనే తయారు చేయడానికి 2023 జూన్‌లో హెచ్ఏఎల్, అమెరికా కంపెనీ జీఈ అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. పోటీ టెండర్లు ఇరవై ఏళ్లలో తీసుకురాలేకపోయిన సాంకేతికతను ఈ దారిలో తెచ్చుకునే ప్రయత్నం అది.

240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లను ఏటా 30 చొప్పున ఎనిమిదేళ్లలో అందించాలి. ఈ ఏడాది సునాబెడలో అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడికి అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండవు. అతని చేతికి తర్వాత వచ్చే ఇంజన్ ఏదో, తర్వాతి విమానాల పోటీకి క్యూఆర్‌లు ఎంత స్పష్టంగా రాస్తారన్న దాని మీద ఆధారపడి ఉంది.